దయామీ మెషీన్‌లో నడిచింది

"పది నిమిషాల పని," అని రాశాడు లిసాంద్రో. దాని కింద నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న బొమ్మ కూడా తగిలించాడు. దయామీ ఆ బొమ్మని కాసేపు గుర్రుగా చూసి, ఫోన్‌ని బల్ల మీద బోర్లా పడేసింది.

వంటింట్లో ఉన్నది ఒక్కటే బల్ల. దాని సగం మీద లాప్‌టాప్, సగం మీద పిన్ని ఒలిచి పెట్టిన చిలగడదుంపల తొక్కలు. లాప్‌టాప్ తెర మీద ఎర్ర అక్షరాలు ఉదయం నుంచీ అదే పాట పాడుతున్నాయి. మీరున్న దేశం నుంచి ఇక్కడికి ప్రవేశం లేదు. అంతే. దయచేసి అని లేదు, మన్నించండి అని అంతకన్నా లేదు.

"మళ్లీ పొమ్మందా?" అంది ఎనేయిదా పిన్ని, బొగ్గుల పొయ్యి దగ్గర అట్టముక్కతో విసురుతూ.

"పొమ్మనలేదు. నువ్వెక్కడున్నావో నాకు తెలుసు, అక్కడే పడుండమంది."

"మరి ఆ లిసాంద్రోకి ఎలా వస్తున్నాయట?"

"పనామాలో ఉన్నానని అబద్ధం చెప్తాడు. అక్కడి కంప్యూటర్ ఒకటి అద్దెకి తీసుకుని, దాని చాటున అడుగుతాడు."

"పనామా వాడడిగితే ఇస్తారా?"

"నోరు మూసుకుని ఇస్తారు."

పిన్ని విసరడం ఆపింది. "వాళ్ల దగ్గరేముందే మన దగ్గర లేనిది?"

"కాలవుంది పిన్నీ."

పిన్ని పకపకా నవ్వింది గానీ దయామీకి నవ్వు రాలేదు. ఆమెకి కావలసింది ఒక వెబ్‌సైట్‌ని తన సొంత కంప్యూటర్‌లో నిలబెట్టడం. ఆమె ఊరు కమగ్వే నుంచి ఎటు పోవాలన్నా జనం లారీలెక్కే పోతారు. లారీ స్టాండులో సీటు కోసం పసిబిడ్డల్ని చంకనేసుకుని రోజంతా కాచుకుంటారు. ఆ సీట్లు ఫోన్‌లోనే పట్టుకునేలా సైట్ కట్టాలని హవానాలో ఒక చిన్న కంపెనీ మొదలైంది. పనిచేసేవాళ్లంతా హవానా వాళ్లే, దయామీ ఒక్కతే బయటి ఊరిది. ఆమెని తీసుకున్నది ఇంకా పరీక్ష మీదే. శుక్రవారం మీటింగుకి సైట్ మొత్తం ఎవరి మెషీన్‌లో వాళ్లు నడిపి చూపించాలి, చూపించలేనివాళ్లకి చోటు లేదు. ఆ మాట అన్నది లిసాంద్రో. పని పంచేదీ, పద్ధతులు రాసేదీ, మనుషుల్ని ఉంచేదీ తీసేసేదీ అతనే.

పద్ధతి మాటకొస్తే తప్పు పట్టడానికేం లేదు. సైట్ అంటే ఒక్క ముక్క కాదు. సీట్ల వివరాలు దాచే డేటాబేస్ ఒకటి, వెనక లెక్కలు చూసే ప్రోగ్రాం ఒకటి, జనం కంటికి కనబడే పేజీలు ఒకటి. దేనికది ఒక కంటైనర్‌లో పెట్టి మూత బిగిస్తే, అది ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒకేలా నడుస్తుంది. ఆ కంటైనర్లు తీయడానికి అచ్చులు కావాలి. అచ్చులన్నీ సముద్రం అవతల ఒక పెద్ద గోదాములో ఉంటాయి. భూమ్మీద ఎవరైనా సరే ఒక్క వరుస టైపు చేసి తెచ్చుకోవచ్చు. ఎవరైనా అన్న మాటలో క్యూబా వాళ్లు లేరు, అమెరికా ఆంక్షలు అలాంటివి.

కాబట్టి దయామీ కూడా పనామా వేషం కట్టింది. కంపెనీ ఇచ్చిన దొంగదారి తెరిచి, ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, అచ్చులు దించడం మొదలుపెట్టింది. గీత నెమ్మదిగా నిండింది. సగం దాటింది, ముప్పావు దాటింది. అప్పుడు ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగిపోయింది. వీధంతా ఒక్క గొంతుతో ఉసూరుమంది. కరెంటు పోతే లాప్‌టాప్ కాసేపు తట్టుకుంటుంది గానీ సెల్ టవర్ తట్టుకోదు. టవర్ బ్యాటరీ ముసలిది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి, దానితో పాటే సగం దిగిన అచ్చూ మట్టికొట్టుకుపోయింది. మళ్లీ కరెంటొచ్చాక మొదటి నుంచీ మొదలు. మళ్లీ అదే చోట ఆగడం.

మూడోసారి పోయాక ఆమె అభిమానం చంపుకుని గ్రూపులో రాసింది. "ఎవరి దగ్గరైనా ఉన్న అచ్చులు ఒక డిస్కులో వేసి ఇటొచ్చే బస్సులో పంపగలరా? డ్రైవర్ దగ్గర నేను తీసుకుంటాను."

ఒడాలిస్ వెంటనే జవాబిచ్చింది. ఆ టీములో అందరికన్నా పెద్దావిడ. "నా దగ్గరున్నాయమ్మాయ్. సాయంత్రం బస్టాండుకి వెళ్లి ఇస్తా."

దాని వెనకే లిసాంద్రో దిగాడు. "వద్దు ఒడాలిస్. ఎవరిది వాళ్లే చేసుకోవాలి. దయామీ, పెన్‌డ్రైవుల కాలం పోయింది. మనం నడుపుతున్నది కంపెనీ, సీరియళ్లు కాపీ చేసే కొట్టు కాదు. కమగ్వేలో కుదరకపోతే కుదరట్లేదని చెప్పెయ్. సిగ్గు పడాల్సిందేం లేదు. పల్లెటూళ్లో ఉండి అన్నీ కావాలంటే ఎలా?"

కమగ్వే పల్లెటూరట. మూడు లక్షలమంది ఉన్న ఊరు. దయామీకి చెవుల దాకా మంట ఎక్కింది. ఏదో టైపు చేసింది, చెరిపేసింది, ఇంకోటి టైపు చేసింది, అదీ చెరిపేసింది. చివరికి పంపింది ఒక్కటే మాట. "శుక్రవారం కలుద్దాం."

"ఏమన్నాడే?" అంది పిన్ని.

"పల్లెటూరి మొద్దునన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అన్లా. అంటే నోటితో అయిపోతుంది. వీడికి నోటితో అవ్వకూడదు."

*

ఫెర్మీన్ కొట్టుకి బోర్డు లేదు, అవసరమూ లేదు. ఇంటి ముందుగది కిటికీ ఊచలే కౌంటరు. సీరియళ్లు, సినిమాలు, బేస్‌బాల్ ఆటలు, కొరియా వాళ్ల ఏడుపులు, ఇళ్లమ్మకాల ప్రకటనలు, అన్నీ ఒకే డిస్కులో కూరి వారం వారం హవానా నుంచి బస్సులో వస్తాయి. దాన్ని ప్యాకెట్ అంటారు. ఇంటర్నెట్ అందనివాళ్లకి అదే ఇంటర్నెట్. ఫెర్మీన్ దాన్ని ఊళ్లో వాళ్ల డిస్కుల్లోకి కాపీ చేసి పంచుతాడు. ఖాళీ అయిన పెద్ద డిస్కు మళ్లీ బస్సెక్కి హవానా పోతుంది, నింపుకు రావడానికి.

పొద్దున్నే దయామీ వెళ్లేసరికి ఊచల ముందు నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. తన వంతు వచ్చేదాకా ఆగింది.

"అచ్చులా?" అన్నాడు ఫెర్మీన్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "కేకు అచ్చులైతే మా ఆవిణ్ణి అడగాలి."

"కేకులు కాదు బాబాయ్. కంటైనర్లవి. కంప్యూటర్ చదువులు చదివేవాళ్లు ఎవరైనా నీ దగ్గర కాపీ చేయించుకుని ఉంటారేమోనని."

"ఓహో, ఆ పిచ్చోళ్ల సరుకా!" అతని మొహం వెలిగింది. "లోపలికి రా తల్లీ. ఇల్లు తుడవలేదు, తిట్టుకోకు."

లోపలి గదిలో గోడ పొడవునా పాత డిస్కులు. కొన్నిటికి కవర్లు లేవు, కొన్నిటికి సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. ఫెర్మీన్ దేన్నీ చెరపడు. పదేళ్ల కిందటి సీరియల్ కూడా ఎవరో ఒక ముసలమ్మ వచ్చి అడుగుతుందని దాచిపెడతాడు. ఇంట్లోకి వచ్చింది మళ్లీ బయటికి పోకూడదు, అది అతని మతం. బల్ల కింద నుంచి చెప్పుల అట్టపెట్టె ఒకటి లాగి, అందులోని డిస్కుల్ని ఒక్కొక్కటే కంప్యూటర్‌కి తగిలిస్తూ పోయాడు. దయామీ అతని భుజం మీంచి వంగి ఫైళ్ల పేర్లు చదువుతూ ఉంది. పరీక్ష పాఠాలు. ఆటలు. పెళ్లి వీడియో ఒకటి, దారితప్పి వచ్చింది.

"ఆగు, ఆగు బాబాయ్."

ఎవరో యూనివర్సిటీ వాళ్లు ఎప్పుడో దాచుకున్నవి. అన్నిటికీ అడుగున ఉండే చిన్న లినక్స్ అచ్చు ఉంది. డేటాబేస్ అచ్చు ఉంది గానీ పాతది. ప్రోగ్రాం నడవడానికి కావలసిన సామాను అచ్చు రూపంలో లేదు, విడిగా ముడిసరుకులా కట్టలు కట్టి ఉంది. దయామీ మనసులోనే ఒక్కొక్కటీ పేర్చి చూసుకుంది. పిండీ చక్కెరా ఉన్నాయి. కేకు తను చేసుకోవాలి.

"పనికొచ్చేదేనా?" అన్నాడు ఫెర్మీన్.

"పనికిరాకపోతే వచ్చేలా చేస్తా."

"ఎవరో పనామా వేషం అన్నారు, నువ్వు కూడా కట్టావటగా?"

ఊళ్లో ఏదీ దాగదు. పిన్ని నోరు ఎలాంటిదో తెలుసు కనక దయామీ ఆశ్చర్యపోలేదు. "కట్టాను. అచ్చిరాలేదు."

"ఎలా అచ్చొస్తుంది? పనామా దానిలా ఉన్నావా నువ్వు? మీ తాత నడకా, మీ పిన్ని నోరూ." డిస్కు కాపీ అవుతుంటే గోడ దగ్గరున్న ఎలక్ట్రిక్ స్కూటర్ వైపు గడ్డంతో చూపించాడు. "దాని బ్యాటరీ పట్టుకుపో. ఇన్వర్టరు కూడా ఇస్తా. నేనెలాగూ మోకాలు నెప్పితో ఎక్కడికీ పోవట్లా. కరెంటు చూసుకుని పని చేస్తే నీ పని తెమలదు."

దయామీ ఏదో అనబోయింది.

"థాంక్సులూ అవీ వద్దు. నీ సైట్ పూర్తయ్యాక బయామో పోయే లారీలో కిటికీ పక్క సీటు. మా చెల్లెల్ని చూసి ఏడాదైంది."

"లారీకి కిటికీలెక్కడివి బాబాయ్?"

"అయితే అది కూడా పెట్టించు."

*

స్కూటర్ బ్యాటరీ వంటింటి బల్ల కింద చేరింది. కాళ్లు తగలకుండా పిన్ని దాని చుట్టూ పాత దుప్పటి కట్టింది. వీధిలో కరెంటు పోయినా దయామీ తెర మీద వెలుతురు పోలేదు. ఆ సుఖం అనుభవిస్తే గానీ తెలియదు.

మొదట డిస్కులోంచి అడుగు అచ్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎక్కింది. సంతోషంగా మొత్తం నడపమని ఆజ్ఞ ఇచ్చింది. వెంటనే మళ్లీ అవే ఎర్ర అక్షరాలు. ప్రవేశం లేదు.

"ఇంట్లోనే పెట్టుకుని బయటికెందుకు పోతున్నావే దరిద్రమా," అంది దయామీ కంప్యూటర్‌తో. కంప్యూటర్ తప్పేం లేదు. లిసాంద్రో రాసిన తయారీ ఫైలు మొదటి వరుసలో గోదాము పేరూ, అచ్చు పేరూ పక్కపక్కనే రాసి ఉన్నాయి. ఇంట్లో ఆ పేరుతో ఏదీ లేదు కనక అది బుద్ధిగా గేటు దాకా వెళ్లి తలుపు తట్టి తిట్లు తిని వస్తోంది. ఇంట్లో ఉన్నదానికి ఆ గోదాము పేరే తగిలించినా సరిపోయేది. దయామీ చెయ్యి కీల మీద ఆగింది. తర్వాత ఆ వరుస మొత్తం చెరిపి, గోదాము పేరు ఉన్న చోట కమగ్వే అని రాసింది. అచ్చుకీ అదే పేరు పెట్టింది. ఈసారి అది గేటు వైపు కన్నెత్తి చూడలేదు.

ముడిసరుకు కట్టల్ని విప్పి, అడుగు అచ్చు మీద ఒక్కొక్క పొరగా పేర్చి, ప్రోగ్రాం అచ్చు తనే తీసింది. మధ్యలో రెండుసార్లు తప్పింది. ఒకసారి తన తప్పు, ఒకసారి కట్టలో ఫైలు చెడిపోయింది. చిన్నచిన్న సామాను ఇంకొంత కావలసివచ్చింది. దానికోసం మధ్యాహ్నం ఎండలో వైఫై ఉండే ఆగ్రమోంతె పార్కుకి నడిచి, బెంచీ మీద కూచుని, దేశం లోపల యూనివర్సిటీ వాళ్లు అందరికోసం దాచిపెట్టే నకళ్లలోంచి తెచ్చుకుంది. అక్కడ ఎవరూ నీదే దేశం అని అడగలేదు. పక్క బెంచీ మీద ఒకావిడ ఎవరితోనో వీడియోలో పోట్లాడుతూ, మధ్యలో దయామీ వైపు తిరిగి, "నువ్వే చెప్పమ్మా, నాది తప్పా?" అంది. దయామీ కాదంది. సామాను దిగింది.

ఇక డేటాబేస్. పాతది కదా, లిసాంద్రో రాసిన పట్టికల్లో ఒక వరుస దానికి అర్థం కాలేదు. ఒక సీటు ఇద్దరికి పోకూడదన్న నియమం అది, కొత్త తరహాలో రాశాడు. దయామీ దాన్ని విడగొట్టి, పాతదానికీ కొత్తదానికీ తెలిసే మాటల్లో మళ్లీ రాసింది. పనిలో పనిగా ఒకే సీటు రెండుసార్లు అడిగి చూసింది. రెండోసారి లేదు పొమ్మంది. బావుంది.

గురువారం పొద్దెక్కాక అన్నీ కలిపి నడిపింది. కంప్యూటర్ పాతది, మెమరీ చాలదు, పాటలు ఆపేసి మిగతావన్నీ మూసేస్తే గానీ కదల్లేదు. ఫ్యాను రొద పెట్టింది. వరుసలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకాయి. ఎర్రవి లేవు. తర్వాత ఖాళీ తెర మీద ఒక నీలం లారీ బొమ్మ, దాని కింద ఊళ్ల పేర్లు, పక్కన సీట్లు.

"పిన్నీ! రా ఇలా!"

పిన్ని తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఇంటర్నెట్ వచ్చిందా?"

"లేదు. దానితో పని లేదు. నీకెక్కడికి కావాలో చెప్పు."

పిన్ని కుర్చీ లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ఒక్క వేలితో తన పూర్తి పేరు టైపు చేసింది. శాంతియాగో, ముందు వరస. సీటు ఆమెదైంది. ఆమె తెరనీ దయామీనీ మార్చి మార్చి చూసింది.

"లారీ ఎప్పుడొస్తుంది?"

"రాదు. లారీ ఉత్తిది. సైట్ నిజం."

"అదేం ఉద్యోగమే తల్లీ," అంది పిన్ని. కానీ ఆ పేజీ మూయనివ్వలేదు, పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చి చూపించింది.

*

శుక్రవారం వీడియో మీటింగులో లిసాంద్రో కొత్త చొక్కా వేసుకుని కూచున్నాడు. వెనక గోడ తెల్లగా, ఏసీ ఒకటి కనబడేలా ఉంది. దయామీ వెనక పిన్ని ఆరేసిన బట్టలున్నాయి. తీద్దామనుకుని తియ్యలేదు.

"చూపించే ముందు ఒక మాట," అన్నాడు. "ఎవరెవరో ఎక్కడెక్కడివో తెచ్చి అతికించారని విన్నాను. అలా నడిపిస్తే నడిపినట్టు కాదు. అందుకని అందరూ ముందు మొత్తం చెరిపేయండి. పాత అచ్చులన్నీ తీసేసి, ఖాళీ మెషీన్ నుంచి మొదలుపెడదాం. పది నిమిషాలు. నేనే ముందు చేస్తా, చూడండి."

అతను అందరికీ కనబడేలా ఆజ్ఞ టైపు చేసి నొక్కాడు. ఉన్నవన్నీ పోయాయి. ఎంత చోటు మిగిలిందో కంప్యూటర్ గర్వంగా చెప్పింది. దయామీ తప్ప మిగతావాళ్లంతా నొక్కారు, బాసు నొక్కాక నొక్కకుండా ఎలా. తర్వాత అతను గోదాముని అడిగాడు.

మీరున్న దేశం నుంచి ఇక్కడికి ప్రవేశం లేదు.

"ఒక్క క్షణం," అన్నాడు లిసాంద్రో. దొంగదారి మూసి మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే. పనామా కంప్యూటర్ జాడ లేదు. అవతలి వాళ్లెవరో పసిగట్టి ఆ పొద్దున్నే దాని మెడ పిసికేశారు. ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే, ఈ దేశంలో ప్రతి దొంగదారికీ జరిగేదే. అందుకే ఇక్కడ ఒకసారి ఇంట్లోకి వచ్చినదాన్ని ఎవరూ చెత్తలో వెయ్యరు.

"ఒడాలిస్, నీకు వస్తోందా?"

"ఎక్కడిది నాయనా," అంది ఒడాలిస్. "గడ్డి తిని నొక్కాను. మా అమ్మ ఖాళీ సీసా కూడా పారేయదు. నేను మాత్రం నువ్వు నొక్కమన్నావని డేటాబేసుతో సహా ఊడ్చిపెట్టాను."

మిగతావాళ్లూ తలలు అడ్డంగా ఊపారు. లిసాంద్రో మెడ మీద చెమట ఏసీ గదిలో కూడా కనబడింది.

"నా వంతు వచ్చిందా?" అంది దయామీ.

ఆమె తన తెర అందరికీ చూపించి, అతను చెప్పినట్టే మొత్తం చెరిపేసింది. ఖాళీ మెషీన్. ఎవరో "అయ్యో" అన్నారు. దయామీ డిస్కు తగిలించింది, తను తీసిన అచ్చులు ఒక్కొక్కటే ఎక్కించింది, నడపమంది. తొందరపడలేదు. కంప్యూటర్ పాతది, దాని టైము దానికివ్వాలి. ఈ లోపు వీధిలో కరెంటు పోయింది, టవర్ ఇంకా కొన ఊపిరితో ఉంది. ఆమె తెర కనురెప్ప కూడా వెయ్యలేదు. నీలం లారీ వచ్చి నిలబడింది.

లిసాంద్రో తెర దగ్గరికి వంగి వరుసలన్నీ చదివాడు.

"ఇది మనం రాసుకున్న పద్ధతి కాదు," అన్నాడు లిసాంద్రో చివరికి.

"కాదు."

"డేటాబేస్ పాతది."

"పాతదే. నడుస్తోంది. కావాలంటే సీటు పట్టుకుని చూడండి."

ఒడాలిస్ గొంతు సవరించుకుంది. "లిసాంద్రో, ఇవాళ ఎవరి మెషీన్‌లో నడవకపోతే వాళ్లకి చోటు లేదన్నావు కదా. ఆ లెక్కన కంపెనీలో దయామీ ఒక్కతే మిగిలింది. మేం తట్టాబుట్టా సర్దుకోమా?"

ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఆ నవ్వు అంటుకుంది. లిసాంద్రో మీటింగ్ మూసేశాడు.

*

మధ్యాహ్నం దయామీ తను తీసిన అచ్చులున్న డిస్కు పట్టుకుని ఫెర్మీన్ కొట్టుకి వెళ్లింది. ఖాళీ డిస్కు బస్సెక్కే వేళ అది. "హవానా నుంచి ఇటు రావడమే గానీ ఇటునుంచి అటు ఏదీ పోలేదు ఇంతవరకూ," అన్నాడు ఫెర్మీన్. "ఎప్పుడూ ఖాళీగానే పంపా. పోనీ, ఈసారి ఒట్టి చేతుల్తో పంపొద్దు. అక్కడ ప్యాకెట్ కట్టేవాడు నాకు బాకీ ఉన్నాడు, వేస్తాడు. దేశమంతా పోతుంది."

అప్పుడు ఫోన్ మోగింది. లిసాంద్రో.

గొంతు మారిపోయింది. తియ్యగా ఉంది. "దయామీ, బాగా చేశావు. అందరి ముందూ అనలేకపోయాను. నీ ఉద్యోగం ఖాయం. ఈ అచ్చుల వ్యవహారం మొత్తం నువ్వే చూసుకో. ఆ ఫైళ్లు నాకు ఒక్కడికే పంపు. బయట ఎవరికీ ఇవ్వకు. మనలాంటి కంపెనీలు ఇంకా ఉన్నాయి, వాళ్లూ ఇవాళ ఇలాగే చేతులు పిసుక్కుంటూ కూచున్నారు. మనకది మంచిదే కదా."

"ప్యాకెట్‌లో వేద్దామని వచ్చానండి."

"ఏ ప్యాకెట్? సీరియళ్లదా? పిచ్చా నీకు? అది కంపెనీ ఆస్తి."

"అందులో కంపెనీది ఒక్క అక్షరం లేదు. లారీ సైట్ నా దగ్గరే ఉంది. ఇవి ఒట్టి అచ్చులు. ఎవరో పిల్లలు అందరికీ పనికొస్తాయని వదిలేసిపోయారు, నేను వాటి మీద పొరలు పేర్చాను."

"చూడు, సూటిగా చెప్తా." తీపి పోయింది. "అది ప్యాకెట్‌లో పడితే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

దయామీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఈ ఉద్యోగం ఆమెకి కావాలి. ఊరు వదలకుండా, ఎవరి సోఫా మీదో పడుకోకుండా, చదివిన చదువుతో బతికే దారి కమగ్వేలో ఇంకోటి లేదు. డిస్కు తిరిగి సంచిలో వేసుకుంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. కానీ అప్పుడు తనూ ఇంకో గేటవుతుంది. ఎర్ర అక్షరాలు రాసేది ఈసారి తనే.

భయమేసింది. భయంతోనే ఊచల మధ్యనుంచి చెయ్యి లోపలికి పెట్టింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది.

"వేసెయ్ బాబాయ్," అంది, లిసాంద్రోకి కూడా వినబడేంత గట్టిగా.

ఫోన్ అవతల పెట్టేశారు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్తే పిన్ని ముందు బియ్యంలో రాళ్లేరింది.

"పోయినట్టేనా?"

"పోయినట్టే."

"ఏడుపొస్తోందా?"

"లేదు. కోపమొస్తోంది."

"అయితే పరవాలేదు. కోపం వస్తే ఆకలేస్తుంది, కూచో."

శనివారం గ్రూపు కిక్కురుమనలేదు. తనని అందులోంచి ఇంకా ఎందుకు తీసెయ్యలేదో దయామీకి అర్థం కాలేదు. మర్చిపోయి ఉంటారనుకుంది. లాప్‌టాప్ మూసే ఉంచింది. బ్యాటరీ తిరిగి ఇచ్చేద్దామంటే ఫెర్మీన్ తీసుకోలేదు, మోకాలింకా తగ్గలేదన్నాడు.

ఆదివారం పిన్నితో కలిసి నూనెలో అరటికాయ ముక్కలు వేయిస్తుండగా ఫోన్ బుర్రుమంది. ఒడాలిస్ ఫోటో పంపింది. ఆమె తెర మీద నీలం లారీ. "మా వీధి చివర ప్యాకెట్ కొట్టులో తెచ్చుకున్నా. టర్కీ సీరియల్ పక్కన పెట్టాడు. మా వాళ్లందరికీ ఇచ్చాను," అని రాసింది. వెనకే ఇంకో ఫోటో, ఇంకొకరిది. ఇంకొకటి. తర్వాత దయామీకి తెలియని నంబరు నుంచి, ఒల్గీన్‌లో ఎవరో అమ్మాయి: డేటాబేస్ ఎక్కింది గానీ ప్రోగ్రాం ఎక్కట్లేదు, ఏం చెయ్యాలక్కా? దయామీ ఒక చేత్తో ముక్కలు తిప్పుతూ ఇంకో చేత్తో జవాబు రాసింది.

అరటికాయ చల్లారాక గ్రూపులో లిసాంద్రో పేరు వెలిగింది.

"రేపు పొద్దున తొమ్మిదికి మీటింగ్," అని రాశాడు. "కొత్త పద్ధతిలో ఎలా నడపాలో దయామీ అందరికీ చెప్తుంది."

అంతే. క్షమించమని లేదు. ఉద్యోగం ఉందనీ లేదు, పోయిందనీ లేదు. ఫోటోలు పంపినవాళ్లలో అతను లేడు గానీ, అతని మెషీన్‌లోనూ ఇప్పుడు నడుస్తున్నవి ఎవరి అచ్చులో అడగాల్సిన పని లేదు.

"ఏమంటాడు?" అంది పిన్ని.

దయామీ చదివి వినిపించింది.

"అబ్బో. పిలుస్తున్నాడన్నమాట. వెళ్తావా?"

దయామీ వేళ్లకంటిన నూనె తుడుచుకుంది. రేపు ఈ పేటకి కరెంటు ఎప్పుడుంటుందో వీధిలో అందరికీ తెలుసు. బ్యాటరీ ఉంది, కావాలంటే తొమ్మిదికే కూచోవచ్చు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

"తొమ్మిదికి కమగ్వేలో కరెంటుండదు," అని రాసింది. "పదకొండుకి పెట్టండి."

అతను ఏదో టైపు చేస్తున్నట్టు చుక్కలు కనబడ్డాయి. మాయమయ్యాయి. మళ్లీ కనబడ్డాయి. పిన్ని ఫోన్ మీదికి వంగింది.

"పదకొండుకి," అని వచ్చింది.